ద్వారకానగర్ కొటేషనుకు అరకు టీక

మూలం

ఐ3 12100ఎఫ్
హెచ్610 బోర్డు
8 ర్యామ్
512 ఎన్‌వీఎంఈ
కేబినెట్ విత్ 450
22 మానిటర్
కీబోర్డ్ మౌస్ కాంబో
ఓకే?

అవతారిక

పై గ్రంథం విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ల దుకాణంలో, గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆన్చి, పాత బిల్లు వెనక నీలం బాల్‌పెన్నుతో ఒక్క గుక్కలో రచింపబడింది. ఎనిమిది పాదాలు. ఏ ఛందస్సో తేలలేదు; యతి పడవలసిన చోటల్లా కర్తకు ఫోను వచ్చింది. ప్రతి పాదం పక్కనా ఒక అంకె ఉన్నది గాని దానిని ఇక్కడ ఎత్తి రాయడం లేదు. పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి నిలవదు గనుక అది ప్రక్షిప్తమని మా మతం.

కృతి పుచ్చుకున్నవాడు అరకులోయలో సంతకు పోయే దారి పక్కన జిరాక్సు, నెట్ సెంటరు పెట్టదలచిన కుర్రవాడు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, శృంగవరపుకోట దాటి, డముకు, అనంతగిరి మీదుగా ఘాటీ ఎక్కే బస్సులో దాన్ని ఒకటికి పదిసార్లు తీసి చదివాడు. అక్షరాలన్నీ తెలుస్తున్నాయి, అర్థం మాత్రం చిక్కడం లేదు. లోకంలో వ్యాఖ్యాతలు పుట్టడానికి అదే కదా కారణం.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది పలకననీ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెతుకుసీమ కొలచెలమ నుంచి వచ్చిన మహానుభావుడు, కాళిదాసుకు సంజీవని రాసినవాడు. ఆయన ముందు ఈ చీటీ పెట్టి ఉంటే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేవాడని నా నమ్మకం. ఈ గ్రంథంలో ముఖ్యమైనవన్నీ మూలంలో లేనివే మరి. కర్త కొండ కింద కూర్చుని రాశాడు, చదువరి కొండ మీద బిగించుకోవాలి. ఆ తొమ్మిది వందల మీటర్ల ఎత్తు ఎక్కడా చీటీలో పడలేదు.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం మర్యాద. విషయం: డెస్క్‌టాప్ కంప్యూటరు. దాని రేకుపెట్టెనంతటినీ కలిపి మనవాళ్లు సీపీయూ అంటారు. సీపీయూ అంటే లోపలుండే అగ్గిపెట్టెడు బిళ్ల మాత్రమేనని ఇంజినీర్లు మొత్తుకుంటారు గాని లోకవ్యవహారం బలీయం, వాళ్లే ఓడిపోయారు.

ప్రయోజనం: ఇదే అన్నిటికన్నా ముందు తేలవలసినది, దుకాణంవాడు అడగనిది. కుల ధ్రువపత్రాల దరఖాస్తులు, హాల్‌టికెట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, రేషన్ కార్డు సవరణలు, పెళ్లి శుభలేఖలు, కాఫీ తోటల పట్టా కాగితాల నకళ్లు. వీటిలో ఒక్కదానికీ ఆటల కంప్యూటరు అక్కర్లేదు. యూట్యూబులో కనిపించే రంగురంగుల లైట్ల పెట్టె చూసి మనసు లాగితే లాగనివ్వండి, డబ్బు లాగకుండా చూసుకోండి.

సంబంధం: ఒకరు చేసిన బిళ్ల మరొకరు చేసిన పలకలో ఎలా అతుకుతుందన్నది. దానికి వెనక కథ ఉంది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. తొందరలో ఉండి, అన్నీ తానే తయారు చేసుకునే పాత పద్ధతి మాని, బజారులో దొరికే భాగాలతో కట్టింది. ప్రాసెసరు ఇంటెల్‌ది, సాఫ్ట్‌వేరు మైక్రోసాఫ్ట్‌ది. వివరాలు కూడా అచ్చువేసి అమ్మింది. తనదంటూ హక్కు అట్టేపెట్టుకున్నది, యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాము బయాస్ ఒక్కటి. దాన్ని నకలు కొట్టకుండా, అది చేసే పనినే చేసే మరో బయాస్‌ను కాంపాక్ కొత్తగా రాయించి, మరుసటి ఏడాది చివరికల్లా తన యంత్రాన్ని ప్రకటించింది. తలుపు తెరుచుకుంది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ఖాయం చేశాక బోర్డులో మర ఎక్కడ పడాలో కూడా లోకమంతటికీ ఒకటే. అందుకే తైవాన్ బోర్డు, చైనా పెట్టె, అమెరికా ప్రాసెసరు అరకులో ఒక బల్ల మీద కలుసుకోగలుగుతున్నాయి.

అధికారి: స్టార్ స్క్రూడ్రైవరు పట్టుకోగలిగినవాడు, తొందర లేనివాడు. డిగ్రీ అవసరం లేదు.

ఐ3 12100ఎఫ్

టీక: ఐ3 = ఇంటెల్ ఐ-వంశంలో చిన్నవాడు; 12 = పన్నెండో తరానికి చెందినవాడై; 100 = ఆ తరంలో పీటల వరుసలో ఇక్కడ కూర్చున్నవాడు; ఎఫ్ = బొమ్మ లేనివాడు.

ఈ ప్రాసెసరు 2022 జనవరిలో వచ్చింది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. మామూలుగా 58 వాట్లు, ఒళ్లు వంచి పనిచేస్తే 89 వాట్లు. నెట్ సెంటరుకు ధారాళంగా సరిపోతుంది. ఇంతవరకు కర్త విజ్ఞుడే. తంటా అంతా ఆ చివరి అక్షరంలో ఉంది.

ఎఫ్ తగిలిన ప్రాసెసరులో తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొని పెడితే గాని మానిటరు వెలగదు. చీటీ మొత్తం వెతికినా గ్రాఫిక్స్ కార్డు అన్న మాట లేదు. కాబట్టి ఈ కొటేషనును అక్షరం పొల్లు పోకుండా కొని, అక్షరం పొల్లు పోకుండా బిగిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపం వెలుగుతుంది, తెర మాత్రం అమావాస్య. తార్కికులు అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కించారు. ఇంటెల్‌వారు దానికి ఎఫ్ అని పేరు పెట్టి కాస్త తక్కువ ధరకు అమ్ముతున్నారు.

శంక: కర్తకు ఈ సంగతి తెలియదా? సమాధానం: తెలుసు. ఆటల కోసం కొనేవాళ్లు ఎలాగూ కార్డు కొంటారు, వాళ్లకు ఎఫ్ లాభమే. రోజూ అటువంటివాళ్లకే రాసి రాసి చెయ్యి అలవాటు పడింది. మోసం కాదు, లేఖక ప్రమాదం.

పాఠాంతరం: ఎఫ్ లేని 12100. లేదా ఏఎండీవారి రైజెన్ 5 5600జీ. ఆరు కోర్లు, అక్కడ జీ అంటే బొమ్మ ఉందని. దానికి ఏఎం4 బోర్డు కావాలి గనుక రెండో పాదం కూడా మార్చుకోవాలి. ఒక్క మాట మారిస్తే పద్యమంతా కదిలిపోవడం ఈ శాస్త్రంలోనూ తప్పదు.

పూర్వపక్షం మరొకటి ఉంది: కొత్తదెందుకు, కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ సెట్టు సగం ధరకే వస్తుంది కదా అని. బలమైన పక్షమే. తోసిపుచ్చను. అయితే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి పనికిరావు. అందుకే నాలుగో తరం, ఆరో తరం పెట్టెలు ఇప్పుడు బజారులో గుట్టలు పడుతున్నాయి. లైనక్స్ వేసుకునే ధైర్యముంటే అవి బంగారం. వచ్చిన ప్రతివాడూ విండోస్ కావాలనే నెట్ సెంటరుకు కావు.

హెచ్610 బోర్డు, 8 ర్యామ్

ఈ రెండు పాదాలను విడివిడిగా వ్యాఖ్యానించడం కుదరదు. మాటలు కలిసి వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడుండాలని శాబ్దబోధవేత్తల సిద్ధాంతం. కంప్యూటరు విడిభాగాల ఎంపికకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

ఆకాంక్ష అంటే ఒక మాట మరొక మాట కోసం ఎదురుచూడటం. 12100 అనగానే ఎల్‌జీఏ 1700 సాకెట్ కావాలని అది అడుగుతుంది. హెచ్610 ఆ సాకెట్ ఉన్న బోర్డే. తీరింది. బోర్డు ర్యామ్‌ను అడుగుతుంది, రెండు స్లాట్లున్నాయి. ఇక్కడే వస్తుంది యోగ్యత.

యోగ్యత లేని వాక్యానికి తార్కికులిచ్చే ఉదాహరణ: నిప్పుతో తడిపాడు. వ్యాకరణం నిర్దుష్టం, అర్థం శూన్యం. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4 తీసుకునేవి కొన్ని, డీడీఆర్5 తీసుకునేవి కొన్ని. ప్రాసెసరుకు రెండూ సమ్మతమే, బోర్డుకు మాత్రం ఒకటే. రెండు రకాల ర్యామ్‌కూ కాళ్లు 288. పొడవు కూడా ఒకటే. మధ్యలో కోసిన గంటు మాత్రం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. దిగలేదు కదా అని బొటనవేళ్లతో బలంగా నొక్కారో, స్లాటు పగులుతుంది. మూలంలో "8 ర్యామ్" అని ఊరుకున్నాడు కర్త. 4 అనలేదు, 5 అనలేదు. బోర్డు పేరు కూడా పూర్తిగా రాయలేదు. చీటీ చేతికి తీసుకున్న క్షణమే అడిగి రాయించుకోవలసిన మాట ఇది.

సన్నిధి అంటే దగ్గరగా ఉండటం. మాటను పొద్దున సగం, సాయంత్రం సగం పలికితే వాక్యం కాదు. ర్యామ్ స్లాటులో మూడొంతులు దిగినా అంతే. క్లిప్పు టక్కుమని తనంతట తాను మూసుకోవాలి. నో డిస్‌ప్లే అని దుకాణాలకు తిరిగివచ్చే కంప్యూటర్లలో చాలావాటికి రోగం ఇదే, సన్నిధి లోపం.

విశేషం: ఎనిమిది జీబీ అన్నది ఇప్పటికి సరిపుచ్చుకునే అంకె. ఒకే స్టిక్కుగా తీసుకుని రెండో స్లాటు ఖాళీగా ఉంచుకుంటే చేతిలో డబ్బు ఆడినప్పుడు మరొకటి చేర్చుకోవచ్చు, అప్పుడు రెండు కలిసి వేగం కూడా పెరుగుతుంది. ఎప్పుడు ఆడుతుందో అనకండి. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధర కొండెక్కి కూర్చుంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను టోకున ఎత్తుకుపోతుంటే చిల్లర బజారుకు మిగిలింది తక్కువ. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మనలాంటివాళ్లకు స్టిక్కులమ్మే తన క్రూషియల్ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. దానికి రెండు నెలల ముందే, అక్టోబరు 14న, గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామంది. ఘాటీ కింద గిగావాట్లు, ఘాటీ మీద ఎనిమిది జీబీ కోసం బేరం. రెండూ ఒకే బజారులో కొంటున్న సరుకే.

512 ఎన్‌వీఎంఈ

ఇది సుబోధం. వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లున్న పలుచని బద్ద. అందుకే దానిమీద 2280 అని ఉంటుంది. ఇదే ఆకారంలో సాటా రకం బద్దలు కూడా అమ్ముతారు, వేగం బాగా తక్కువ. డబ్బా మీద ఎన్‌వీఎంఈ అన్న మాట కళ్లతో చూసి తీసుకోవాలి. దీనికొక్క మర ఉంటుంది, ఆవగింజకు అన్నగారంత. బోర్డు డబ్బాలో చిన్న ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. నేల మీద పడితే దొరకదు. తెల్ల తువ్వాలు పరిచి దానిమీద పని చేయండి.

కేబినెట్ విత్ 450

గ్రంథానికి గుండెకాయ ఇది. కర్త దీన్ని ఐదో పాదంలో, పెట్టెతో కలిపి, ఉచితంగా ఇస్తున్నట్టు రాశాడు.

టీక: కేబినెట్ = రేకుపెట్టె; విత్ = దానితో అంటగట్టబడిన; 450 = నాలుగు వందల యాభై వాట్లని స్టిక్కరు మీద చెప్పుకునే, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్.

వక్త మనసులో ఏముందో తెలియకపోతే వాక్యార్థం తెలియదనడానికి శాస్త్రంలో ఒక పాత దృష్టాంతం ఉంది. సైంధవం తెమ్మని భోజనం దగ్గర అంటే ఉప్పు, ప్రయాణం ముందు అంటే గుర్రం. అలాగే 450 అన్నది మంచి కంపెనీ చెబితే ఎడతెరిపి లేకుండా మోయగల బరువు. పెట్టెతో వచ్చినవాడు చెబితే స్టిక్కరు అచ్చువేసినవాడి ఉత్సాహం. చేత్తో ఎత్తి చూస్తేనే చాలాసార్లు తేడా తెలుస్తుంది: లోపల రాగి, ఇనుము, అల్యూమినియం ఉన్నది బరువుగా ఉంటుంది. 80 ప్లస్ గుర్తు, 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లన్న లెక్క స్టిక్కరు మీద చూడాలి. నిజానికి ఈ చీటీలోని సరుకంతా కలిసి నూటయాభై వాట్లు కూడా లాగదు. 450 ఎక్కువే, నిజమైన 450 అయితే. ఇక్కడ అడగవలసింది బలం గురించి కాదు, నిజాయితీ గురించి.

కొండ కింద అయితే ఈ పాదాన్ని ఇంతటితో వదిలేయవచ్చు. కొండ మీద వదలలేం.

ఈ కొండల్లోనే కరెంటు పుడుతుంది. మాడుగుల కొండల్లో పుట్టిన నీరు మాచ్‌ఖండ్‌గా పారి, కిందికి పోయాక సీలేరు అనిపించుకుంటుంది. 1955 నుంచి మాచ్‌ఖండ్‌లో, ఆ తరవాత ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువ సీలేరులో 460 మెగావాట్లు ఆ నీళ్లతోనే తీస్తున్నారు. (ఆ రెండు సీలేర్లూ కలిసి 700. పైన చెప్పిన గిగావాటుకు ఇంకా మూడు వందలు తక్కువ.) ఇన్ని మెగావాట్లు కన్న కొండల్లో, లైను చిట్టచివరి గూడెంలో, దీపాలు పెట్టే వేళకు 230 ఉండవలసిన వోల్టేజి నీరసించి ట్యూబులైటు కొట్టుకుంటూ ఉంటుంది. లైను ఎంత దూరం సాగితే వోల్టేజి అంత జారుతుంది. చెట్టుకొమ్మ పడితే అదీ ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగిసిపడుతుంది.

అటువంటి చోట ఎస్‌ఎంపీఎస్ మెడ మీద తలకాయ ఉన్నదై ఉండాలి. 100 నుంచి 240 వోల్టుల దాకా ఎంత వచ్చినా తీసుకునే, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న రకం ఉంటుంది. వోల్టేజి పడిపోయినా అది నిబ్బరంగా లోపలికి 12 వోల్టులే ఇస్తుంది. పెట్టెతో వచ్చే చవకరకానికి ఈ సహనం లేదు. ప్రాసెసరులో ఒక మెట్టు తగ్గి ఆ డబ్బు ఇక్కడ పెట్టమని నా సలహా. ద్వారకానగర్‌లో ఎవరూ ఈ మాట చెప్పరు. ప్రాసెసరు పేరు బోర్డు మీద రాసుకోవచ్చు, ఎస్‌ఎంపీఎస్ పేరు ఎవడు అడుగుతాడు?

ఇక అధ్యాహారం. మూలంలో లేకపోయినా అర్థం పూర్తి కావడానికి వ్యాఖ్యాత తెచ్చి కలుపుకోవలసిన మాటలన్నమాట. రెండున్నాయి.

మొదటిది యూపీఎస్. 600 వీఏ రకం చాలు. సుమారు 360 వాట్లు మోస్తుంది, లోపల 12 వోల్టుల బ్యాటరీ ఒకటి. పది నిమిషాలు నిలబెడుతుంది. సగం నింపిన దరఖాస్తు సబ్మిట్ కొట్టడానికి అంతకన్న ఎక్కువ అక్కర్లేదు. లేజర్ ప్రింటరును మాత్రం దానికి తగిలించకండి, కాగితం వేడిచేసేటప్పుడు అది ఒక్క గుటకలో లాగేస్తుంది. ఇంకో చిక్కు: చవక యూపీఎస్‌లు ఇచ్చే కరెంటు అల నున్నగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లకు అది గిట్టక, బ్యాటరీ మీదికి మారిన క్షణంలో ఆరిపోతాయి. కొనేటప్పుడు దుకాణంలోనే రెండింటినీ కలిపి ప్లగ్గు పీకి చూపించమనండి. ఒప్పుకోకపోతే పక్క దుకాణం ఉంది.

రెండోది ఎర్తింగు. దీని మీద ఒక మహాభాష్యమే రాయవచ్చు. కంప్యూటరు ఆన్‌లో ఉండగా చెప్పుల్లేని కాళ్లతో నిలబడి పెట్టె వెనక రేకును వేలి వెనక భాగంతో మెల్లగా రాయండి. ఎర్తు లేకపోతే జిమ్మని చిన్న వణుకు తగులుతుంది. షాక్ కాదు, గుణింతం తప్పిన షాక్. చాలామంది దీన్ని కంప్యూటరు లక్షణమనుకుని సర్దుకుపోతారు. దాని కారణం ఇది: ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని మురికి వడకట్టడానికి లైను నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లను పెట్టె రేకుకు కలుపుతారు. రేకు నుంచి మూడో పిన్ను ద్వారా భూమిలోకి దారి ఉంటే ఆ కొసరు కరెంటు దిగిపోతుంది. దారి లేకపోతే రేకు రెండింటికీ నడుమ, 230లో సగం, 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు అత్యల్పం, మనిషికేమీ కాదు. కానీ అదే స్థితిలో ప్రింటరు వైరో మానిటరు వైరో గుచ్చితే ఆ వోల్టులు పోర్టు గుండా దూకుతాయి. పోర్టు పోతుంది, ఒక్కోసారి బోర్డు పోతుంది. గోడలో మూడు కన్నాల సాకెట్ కనిపించగానే ఎర్తు ఉందని భ్రమపడరాదు. మూడో కన్నం వెనక వైరే లేని గోడలు కొండ మీదా కొండ కిందా కావలసినన్ని.

విధి: రెండున్నర మీటర్ల జీఐ పైపు భూమిలో దించి, చుట్టూ ఉప్పు ఒక వరస, బొగ్గు ఒక వరస పోసి, నీళ్లు పోయాలి. తార్కికుల సైంధవం ఇక్కడ నిస్సందేహంగా ఉప్పే, గుర్రం కాదు. రాతి నేల కరెంటును తేలిగ్గా పుచ్చుకోదు గనుక చెమ్మ నిలిచే చోటు చూసి తవ్వుకోవాలి. వానలకు ఉప్పు కరిగిపోతుంది గనుక కొన్నేళ్లకోసారి మళ్లీ పోయాలి. ఎండాకాలం చివర్లో పిడుగుల రోజుల్లో ఎర్తు ఉన్నా సరే ప్లగ్గు పీకడమే మేలు. ఇంటర్నెట్ ఫైబర్ గాజుతీగ, దాని గుండా పిడుగు రాదు. దాని అడాప్టరు గుండా వస్తుంది. అదీ పీకండి.

ఉక్తానుక్తచింత

22 మానిటర్, కీబోర్డ్ మౌస్ కాంబో: స్పష్టం.

చీటీలో చెప్పని మరొక సంగతి, బిగించేదెవరన్నది. దుకాణంలోనే బిగించి ఇస్తారు, గంట పని. అయినా విడిభాగాలుగా, డబ్బాలతో సహా తెచ్చుకుని ఇంట్లో బిగించుకోమనే చెబుతాను. ఇది సరదా కోసం కాదు. సర్వీసు సెంటరు ఘాటీ కింద, నూట పదిహేను కిలోమీటర్ల అవతల ఉంది. బిగించడం తెలియనివాడు ఏ చిన్న జబ్బుకైనా పెట్టెనంతా గోనెసంచిలో చుట్టి కిరండోల్ రైలెక్కించి దింపాలి. తెలిసినవాడు జబ్బు ఏ భాగానిదో తేల్చుకుని, ఆ ఒక్క స్టిక్కును జేబులో వేసుకుని దిగుతాడు. ప్రాసెసరుకు, బోర్డుకు, ర్యామ్‌కు వేటికవే వారంటీలు. డబ్బా, బిల్లు, సీరియల్ నంబరు ఉంటే చాలు.

నేర్చుకునే క్రమంలో భయపడవలసిన ఘట్టం ఒక్కటే, ప్రాసెసరు కూర్చోబెట్టడం. సాకెట్‌లో సన్నని 1700 ముళ్లు నిలబడి ఉంటాయి, వెంట్రుక మొనల్లా. వాటిని తాకకూడదు, ఊదకూడదు. బిళ్ల మూల మీది త్రికోణం సాకెట్ మీది త్రికోణంతో కలవాలి. వదిలితే తనంతట తాను కూర్చుంటుంది, నొక్కే పని లేదు. తరవాత ఇనుప కమ్మీని కిందికి వంచాలి, అక్కడ మాత్రం బలం కావాలి. కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది, మొదటిసారి విన్నవాడికి బోర్డు విరిగిపోయిందనే అనిపిస్తుంది. విరగదు. నల్ల ప్లాస్టిక్ మూత అదే ఎగిరి పడుతుంది. దాన్ని పారేయకండి, వారంటీకి పోతే బోర్డు మీద అది ఉందా అని చూస్తారు.

చలికాలంలో ఉన్ని స్వెట్టరు వేసుకుని ఈ పని చేయరాదు. ఒంట్లో పుట్టిన స్థిరవిద్యుత్తు మూడు వేల వోల్టుల దాకా మన చర్మానికే తెలియదు, చిప్పుకు మాత్రం తెలుస్తుంది. ప్రతిదీ ముట్టుకునేముందు పెట్టె రేకును ఒకసారి తాకడం ఆచారం చేసుకోండి. చలి వల్ల లాభమూ ఉంది. ఈ ఎత్తున గాలి సముద్రతీరంలోకన్నా దాదాపు పదో వంతు పలుచన, ఫ్యాను తోసే గాలిలో సత్తువ ఆ మేరకు తక్కువ. అయితే గాలే చల్లన గనుక లెక్క తీరి ఇంకా మనవైపే మిగులుతుంది. పెద్ద కూలరు అమ్మజూపితే వద్దనండి.

పెట్టె ముందు మీటలనుంచి వచ్చే సన్నటి వైర్లను బోర్డు మూలలోని తొమ్మిది ముళ్లకు తగిలించడం దుర్ఘట శ్లోకం. పవర్ స్విచ్‌కు, రీసెట్‌కు అటూ ఇటూ లేదు, ఎలా పెట్టినా పలుకుతాయి. దీపాల వైర్లకు మాత్రమే ప్లస్ మైనస్ పట్టింపు. తప్పు పెడితే దీపం వెలగదు, అంతకుమించి ప్రళయం లేదు. బోర్డు డబ్బాలో వచ్చే పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఆ పుస్తకాన్ని మనవాళ్లెవరూ విప్పరు, అది నాకెప్పుడూ వింతే.

మొదటిసారి పెట్టెలో బిగించకముందే, బోర్డు డబ్బా అట్ట మీదనే బోర్డును పెట్టి, ప్రాసెసరు, కూలరు, ఒక ర్యామ్ మాత్రం తగిలించి వెలిగించి చూడాలి. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల వైరు ఒకటే కాదు, ప్రాసెసరు పక్కన ఎనిమిది పిన్నుల వైరు కూడా పెట్టాలి. అది మరిచిపోతే ఫ్యాను తిరుగుతుంది, తెర రాదు.

తెర రానప్పుడు ఈ దేశంలో అందరూ చేసే క్రియ ఒకటుంది: ర్యామ్ ఊడదీసి దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తోమడం. చాలాసార్లు పని చేస్తుంది. పని చేసేది రబ్బరా, ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కడమా అన్నది వివాదాంశం. నేను రెండో పక్షం. బంగారం అంత తేలిగ్గా తుప్పు పట్టదు. కానీ రోజుల తరబడి ముసురు, పొగమంచు కమ్మి, గోడలకు బూజు పట్టే చోట మొదటి పక్షంవారిని పూర్తిగా ఖండించే ధైర్యం చాలదు. తోమిన తరవాత రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా దులిపి పెడితే ఇద్దరికీ సమ్మతమే.

ఓకే?

టీక: ఓకే = సమ్మతమేనా; ? = అవునను, ఫోను మోగుతోంది.

కర్త ఈ ప్రశ్న వేసి జవాబు కోసం ఆగినట్టు గ్రంథంలో ఆధారం లేదు. కుర్రవాడు మళ్లీ ఘాటీ దిగాక ఆ జవాబు ఇలా నడిచింది.

"ఎఫ్ తీసెయ్యండన్నా. ఎఫ్ లేనిదే కావాలి."

"దానికి రేటు మారతాది తమ్ముడూ."

"మారనివ్వండి. బోర్డు డీడీఆర్4ది, ర్యామ్ కూడా అదే, రెండూ చీటీ మీద రాయండి. పెట్టె ఖాళీది ఇవ్వండి, ఎస్‌ఎంపీఎస్ వేరేది చూపించండి. యూపీఎస్ ఒకటి. ప్లగ్గు పీకి చూపించాలి."

"అరకులో ఎవరు చెప్పారేటి నీకు ఇవన్నీ? ఇంకేటి?"

"ఎర్తింగు..."

"ఎర్తింగు మా కాడేటుంటాది? ఉప్పు మీ సంతలోనే ఉంటాది, బొగ్గు మీ పొయ్యిలో ఉంటాది, గొయ్యి నువ్వే తవ్వుకోవాల. ఇంతకీ బిల్లు కావాలా, వద్దా? కావాలంటే 18 శాతం జీఎస్టీ పడతాది."

"కావాలన్నా. పార్టు పోతే మళ్లీ మీకే కదా చూపించాలి."